రిస్కు మా ఇంట్లో ఉందా, మా ఇంటి చుట్టూ ఉందా?

పోయిన ఆదివారం రాత్రి నా పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసింది. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకుంది, ఆ తర్వాత సోషల్ వర్క్‌లో పీజీ చేసింది. పిల్లల ఎదుగుదల, కుటుంబాల్లో రిస్కు అనే విషయాల మీద పనిచేసే ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆమెకు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ ఉద్యోగం వచ్చింది. పదకొండు నెలల కాంట్రాక్టు. ట్రైనింగ్ నడుస్తోంది. ఉద్యోగం వచ్చిన సంతోషం మాత్రం గొంతులో లేదు.

"మేడం, ఇయ్యాల ప్రాక్టీస్ కోసమని ఫారం మమ్మల్నే నింపుకోమన్నరు. మా చిన్నప్పటి ఇల్లు యాద్ జేసుకొని నింపిన. పదికి ఏడొచ్చింది. ఏడొస్తే హై రిస్క్ ఫ్యామిలీ అని కింద రాసుంది. పక్కన కూసున్న అమ్మాయికి ఒకటే వచ్చింది. నా కాగితం చూసి 'అయ్యో' అన్నది. నాకు మా అమ్మ ముఖమే కండ్లల్ల మెదుల్తుంది మేడం. చేరమంటరా, వద్దంటరా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులు ఆగమన్నాను. తర్వాత ఆమెకు ఫోన్లో చెప్పాను గానీ, ఇలాంటి ల్యాబ్‌ల్లో, ప్రాజెక్టుల్లో, సర్వేల్లో పనిచేస్తున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ వారం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. హాస్టళ్ళ వ్యాసం రెండో భాగం వచ్చే వారం.

ముందు ఈ ల్యాబ్ అంటే ఏమిటో, అందులో ఎవరు పనిచేస్తారో చెప్పాలి. గాజు గొట్టాలు, తెల్లకోట్లు ఉండే చోటు కాదది. మన దగ్గర ఈ చదువు ఎక్కువగా హోంసైన్స్ విభాగాల్లో, సైకాలజీ, సోషల్ వర్క్ విభాగాల్లో నడుస్తుంది. పైన ఒక ప్రొఫెసర్ ఉంటారు. ప్రాజెక్టుకు డబ్బు తెచ్చేది, వ్యాసం మీద ముందు పేరు ఉండేది వాళ్ళదే. వాళ్ళ కింద పీహెచ్‌డీ స్కాలర్లు, లెక్కలు చూసే ఒక స్టాటిస్టిక్స్ మనిషి. ఆ కింద సూపర్‌వైజర్లు. ఆ కింద ట్యాబ్ పట్టుకుని ఎండలో తిరిగే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు. వాళ్ళకు ఇల్లు చూపించడానికి వెంట నడిచే అంగన్‌వాడీ టీచరమ్మో, ఆశా కార్యకర్తో ఒకరు. చిట్టచివర, గడపలో పిల్లను చంకనెత్తుకుని నిలబడ్డ తల్లి.

ఈ మెట్లలో మన వాళ్ళు ఎక్కడ కనిపిస్తారో ఒకసారి ఆలోచించండి. నేను చూసినంతలో చివరి రెండు మెట్ల మీదే. ప్రశ్న ఎవరు తయారు చేస్తారు, ఎవరు అడుగుతారు, ఎవరు జవాబు చెప్తారు అనే మూడు పనులకూ మధ్య కులం గీత గీసినట్టు కనిపిస్తుంది. ప్రశ్న తయారయ్యే గదిలో మనం లేం. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ గది గురించే.

ఆ పదికి ఏడు లెక్క ఎక్కడిదో చూద్దాం. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఆర్నాల్డ్ సామెరాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 215 కుటుంబాల్లోని నాలుగేళ్ళ పిల్లల్ని పరిశీలించి 1987లో ఒక వ్యాసం ప్రచురించారు. తల్లి మానసిక ఆరోగ్యం, ఆమె ఆందోళన, ఆమె చదువు, ఇంటిపెద్ద చేసే పని, పిల్లల సంఖ్య, కుటుంబానికి ఉన్న ఆసరా, మీదపడ్డ కష్టాలు, ఇలా పది అంశాలు తీసుకున్నారు. ఏ ఒక్క అంశమూ ఒంటరిగా పిల్లల తెలివితేటల్ని తేల్చదు, ఎన్ని పోగుపడ్డాయన్నదే ముఖ్యం అని చెప్పారు. ఆ మాటకు విలువ ఉంది. తెలివి పుట్టుకతోనే వస్తుంది, రక్తంలోనే ఉంటుంది అనేవాళ్ళకు అదొక సమాధానం. మనం వినాల్సిన సమాధానం కూడా.

కానీ ఆ పదింటిలో ఒక అంశం ఏమిటో తెలుసా? తెల్లజాతి కాని, వెనకబడేయబడ్డ మైనారిటీ కుటుంబంలో పుట్టడం. బిడ్డ కళ్ళు తెరవకముందే ఖాతాలో ఒక మార్కు పడిపోయింది. ఆ బిడ్డను వెనక్కి నెట్టే సమాజానికి మార్కు లేదు. నెట్టబడ్డ బిడ్డ ఇంటికి ఉంది.

ఇలాంటి జాబితాలే తర్వాత రకరకాల రూపాల్లో దేశాలు దాటాయి. పీహెచ్‌డీ చివరి ఏడాది నా ఫెలోషిప్ డబ్బులు ఆగిపోతే, అలాంటి ఒక ప్రాజెక్టులో ప్రశ్నావళిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పని ఒప్పుకున్నాను. తర్వాత రెండు నెలలు టీమ్‌తో కలిసి వాడలు కూడా తిరిగాను. నేను తెలుగు చేసిన ఫారంలో ఒక గడి ఉంది: "ఎస్సీ లేదా ఎస్టీ కుటుంబమా? అవునైతే 1." అంటరానితనం పాటించే ఊరా? అవునైతే 1 అనే గడి వెతికాను. లేదు.

ఇంకో ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. యూనిసెఫ్ అనేక దేశాల్లో జరిపించే ఇంటింటి సర్వేలో ఉండే ప్రశ్నే అది. పోయిన వారంలో చిన్నపిల్లను గంటకు మించి ఒంటరిగా గానీ, పదేళ్ళలోపు ఇంకో పిల్ల చేతిలో గానీ వదిలిపెట్టారా? అవునంటే ఆ బిడ్డకు సరైన సంరక్షణ లేనట్టు లెక్క.

ఆ పదేళ్ళలోపు ఇంకో పిల్లను నేనే. నాకు ఎనిమిదేళ్ళు, మా తమ్ముడికి పదినెలలు. అమ్మ నాట్లకు పోయేది. మొదట్లో వాణ్ణి వెంట తీసుకుపోయి గట్టు మీద చీరతో ఉయ్యాల కట్టేది. పొలం పటేల్ రెండు రోజులు చూశాడు. మూడో రోజు, "పిల్లగాణ్ణి దెచ్చేటట్టయితే రేపటి సంది రాకు" అన్నాడు. అంగన్‌వాడీ ఊళ్ళో ఉంది, మా వాడలో లేదు. పోయినా మా పిల్లల్ని వసారాలోనే కూర్చోబెట్టేవాళ్ళు. దాంతో బడి మానుకుని నేను వాణ్ణి చంకనేసుకున్నాను. ఒక సీజన్ మొత్తం. మూడో తరగతి పరీక్ష రాయలేదు. ఇప్పటికీ నా ఎడమ నడుము కొంచెం వంగి ఉంటుంది.

అందుకే ఒక మాట స్పష్టంగా చెప్తున్నాను. రిస్కు అబద్ధం అని నేననడం లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలో పసివాడు ఉండటం ఇద్దరికీ ప్రమాదమే. మా తమ్ముడు ఒకసారి పొయ్యి దగ్గరికి పాకి చెయ్యి కాల్చుకున్నాడు. నా చదువు ఒక ఏడు పోయింది. పేదరికాన్నీ కష్టాన్నీ అందంగా చూపించే రాతలంటే నాకు ఒళ్ళుమంట. గాయం నిజం. నా గొడవంతా గాయాన్ని ఎవరి పేరు మీద రాస్తున్నారన్నదాని గురించే. ఫారంలో అది మా అమ్మ పేరు మీద పడింది. "రేపటి సంది రాకు" అన్నవాడి పేరు ఎక్కడా లేదు.

ఇంకో ప్రశ్న అడగొచ్చు కదా. ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, లేదా అంతకంటే ఎక్కువమంది తల్లులతో పనిచోటికి వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. చట్టంలో రాసిన మాటే ఇది. "మీరు పనిచేసే చోట పిల్లల్ని చూసే మనిషి ఉందా?" అని ఒక్క వాక్యం చేరిస్తే చాలు, రిస్కు తల్లి ఖాతాలోంచి పనిచోటి ఖాతాలోకి మారుతుంది. ఆ వాక్యం రాయాలంటే నాట్లకు పోయిన అమ్మ కూతురు ఒకతి ఆ గదిలో కూర్చుని ఉండాలి.

ఎవరు పనిచేస్తే ఏం, కొలత కొలతే కదా అంటారు కొందరు. నా కళ్ళతో చూసిన రెండు సంగతులు చెప్తాను.

మొదటిది నా తప్పే. "పోయిన మూడు రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పాపకు పాటలు పాడారా?" అని నేను తెలుగు చేశాను. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్న మనిషిని, వాక్యం తప్పులేకుండా ఉందని మురిసిపోయాను. వాడలో ఒక అక్కను అడిగితే, "మాకు పాటలేడొస్తయమ్మా, పనికి పోతనే సరిపాయె" అంది. ఇన్వెస్టిగేటర్ 'లేదు' నొక్కి ముందుకు పోబోయాడు. నేను ఆగి, "పిల్లను ఎట్ల పండవెడ్తవక్కా?" అని అడిగాను. నవ్వి, ఊయల తాడు ఊపుతూ ఒక రాగం తీసింది. పది నిమిషాలు పాడింది. అందులో ఆమె పుట్టిల్లుంది, వలసపోయిన అన్న ఉన్నాడు, రాని వాన ఉంది. ఆమె దృష్టిలో పాటలంటే స్టేజీ మీద, సినిమాలో పాడేవి. తను చేసేది పిల్లను జోకొట్టడం. నా సొగసైన వాక్యం ఆ బిడ్డకు ఒక మార్కు తగ్గించింది. సాయంత్రం సూపర్‌వైజర్‌తో ప్రశ్న మార్చాలన్నాను. "మేడం, స్టాండర్డ్ టూల్. మధ్యలో ఒక్క మాట కూడా మార్చొద్దు. నెక్స్ట్ రౌండ్‌కు చూద్దాం" అన్నాడు. అప్పటికి నాలుగు వాడలు అయిపోయాయి. వాటిలో ఎంతమంది తల్లులు పాటరాని తల్లులుగా లెక్కకెక్కారో.

రెండోది. ఇంటి వాతావరణాన్ని ఇన్వెస్టిగేటరే చూసి రాయాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. హోమ్ అనే పేరున్న ప్రసిద్ధ కొలమానంలో ఇల్లు లోపల చీకటిగా, కళాకాంతుల్లేకుండా ఉందా అని చూసే అంశం ఉంది. మా టీమ్‌లో ఒకతను మంచివాడే, కష్టపడి పనిచేసేవాడు. కానీ మా వాడల్లో ఏ ఇంటి గడపా దాటలేదు. మంచినీళ్ళిస్తే "సీసా ఉందమ్మా" అనేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, వాకిట్లో నిలబడి లోపలికి చూసి, చీకటిగా ఉంది అని నొక్కాడు. ఆ వెలుగులోంచి చూస్తే ఏ ఇల్లయినా చీకటిగానే కనిపిస్తుంది కదా! నేను లోపలికి పోయాను. గోడకు పిల్ల ఎత్తున బొగ్గుతో గీసిన బొమ్మలున్నాయి, రేకు డబ్బాల బండి ఉంది, గూట్లో అంబేద్కర్ ఫొటో కింద అక్క బడి పుస్తకాలున్నాయి. చీకటి ఇంట్లో లేదు, చూపులో ఉంది. కానీ ట్యాబ్‌లోంచి అప్పటికే డేటా వెళ్ళిపోయింది. రేపు ఏదో జర్నల్‌లో "దళిత కుటుంబాల ఇళ్ళలో ప్రేరణ తక్కువ" అని ఒక వాక్యం వస్తే, ఆ వాక్యం వెనక ఈ వాకిట్లో నిలబడ్డ మనిషి ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది?

మరి ల్యాబ్‌లో మనుషులు మారితే నిజంగా ఏమైనా మారుతుందా? చరిత్ర మారుతుందనే చెప్తోంది.

బాబాసాహెబ్ చదివిన కొలంబియా యూనివర్సిటీలోనే, ఆయన తర్వాత ఒక తరానికి మేమీ ఫిప్స్ క్లార్క్ అనే నల్లజాతి యువతి సైకాలజీ చదివింది. 1943లో డాక్టరేట్ తీసుకుంది. అంత చదివినా నల్లమనిషి, అందులో ఆడమనిషి కాబట్టి చదువుకు తగిన ఉద్యోగం దొరకలేదు. ఇల్లులేని నల్లపిల్లల ఆశ్రమంలో పరీక్షలు చేసే పనికి కుదిరింది. 1946లో భర్త కెన్నెత్ క్లార్క్‌తో కలిసి హార్లెమ్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది నేలమాళిగలో పిల్లల కోసం కేంద్రం తెరిచింది. బళ్ళు బుద్ధిమాంద్యం అని ముద్రవేసి వేరే తరగతుల్లోకి నెట్టిన పిల్లల్ని తల్లిదండ్రులు అక్కడికి తీసుకొచ్చేవాళ్ళు. మళ్ళీ పరీక్షిస్తే వాళ్ళలో చాలామందికి ఆ ముద్ర తప్పని తేలింది. అదే భార్యాభర్తలు తెల్లబొమ్మ, నల్లబొమ్మ ముందుపెట్టి చిన్నపిల్లల్ని ఏది మంచి బొమ్మ అని అడిగారు. ఎక్కువమంది నల్లపిల్లలు తెల్లబొమ్మనే చూపించారు. వేరే వాళ్ళయితే ఏం రాసేవాళ్ళు? నల్ల కుటుంబాలు పిల్లలకు ఆత్మగౌరవం నేర్పడం లేదని రాసేవాళ్ళు. క్లార్క్ దంపతులు వేలు తిప్పి సమాజాన్ని చూపించారు. పిల్లల్ని రంగును బట్టి విడదీసే పద్ధతే వాళ్ళలో ఈ గాయం చేస్తోందన్నారు. బళ్ళలో వర్ణవిభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది.

1996లో ప్యూర్టోరికోలో పుట్టిన సింథియా గార్సియా కోల్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఇంకో అడుగు వేశారు. మైనారిటీ పిల్లల ఎదుగుదలను అర్థం చేసుకోవాలంటే జాత్యహంకారాన్నీ వివక్షనూ వెలివాడ బతుకునూ పక్కన ఉండే అంశాలుగా చూడొద్దని, వాటినే మధ్యలో పెట్టి మొదలుపెట్టాలని రాశారు. రోచెస్టర్ జాబితా వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళే. అక్కడ పుట్టుక రిస్కు. ఇక్కడ ఆ పుట్టుకతో లోకం ఎలా వ్యవహరిస్తుందన్నది రిస్కు. పిల్లలు వాళ్ళే, అడిగే మనుషులు మారారు.

మన దేశంలోనే ఒక ప్రయోగం ఉంది, ప్రతి విద్యార్థీ తెలుసుకోవాల్సింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లల్ని తీసుకున్నారు. 321 మంది అగ్రకులాల వాళ్ళు, 321 మంది దళితులు. కాగితం మీద దారి కనుక్కునే చిక్కు పజిల్స్ ఇచ్చారు. కులం బయటపెట్టనప్పుడు రెండు గుంపులూ దాదాపు సమానంగా చేశాయి. ఇంకొన్ని బృందాల్లో పజిల్స్ ఇచ్చేముందు ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు. అంతే. దళిత పిల్లల ఫలితం పడిపోయింది.

ఆలోచించండి. ఆ పిల్లల తల్లి మారలేదు. తండ్రి తాగుడో చదువో మారలేదు. ఇంట్లో పుస్తకాల సంఖ్య మారలేదు. ఒక్క నిమిషంలో మారింది ఆ గది. రిస్కు ఆ గదిలో ఉంది, చదివిన ఆ కాగితంలో ఉంది. స్కాలర్‌షిప్పు వచ్చిన పిల్లల్ని క్లాసులో కులం పేరుతో లేపి నిలబెట్టే టీచర్ల గురించి మనం ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం!

మన తెలుగు నేల మీద జరిగిన పెద్ద అధ్యయనం కూడా ఒకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ కేంద్రంగా నడిచే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ పిల్లల్ని ఏళ్ళ తరబడి అనుసరిస్తూ వస్తోంది. మన దగ్గర దాదాపు 3,000 మంది పిల్లలు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాద్ నగరం. హైదరాబాద్‌లోని సెస్, తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇందులో భాగస్వాములుగా పనిచేశాయి. వాళ్ళలో 2001–02లో పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇరవైలలో ఉన్నారు. మీలోనే ఎవరైనా ఉండొచ్చు.

ఆ డేటాతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ఒక వ్యాసం ప్రచురించారు. కరువు వచ్చిన కుటుంబాల్లో చిన్నపిల్లల పోషణ దెబ్బతింది. కానీ తర్వాత బళ్ళో మధ్యాహ్న భోజనం దొరికిన పిల్లలు ఆ దెబ్బ నుంచి కోలుకున్నారు. ఇలాంటి పరిశోధన మనకు కావాలి. కరువుకు తల్లిని తప్పుపట్టలేదు. ఒక పూట అన్నం ఏం చేయగలదో లెక్కకట్టి చూపించింది. రేపు ఏ ప్రభుత్వమైనా ఆ అన్నంలో కోత పెడితే మనం బల్ల మీద పెట్టాల్సిన కాగితం ఇది. అందుకే ల్యాబ్‌లన్నీ మన శత్రువులే అనే మాట నేను ఒప్పుకోను.

అయితే ఆ అన్నం దగ్గరే ఇంకో ప్రశ్న ఉంది. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా ఆదేశించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? దళిత స్త్రీ వండిన అన్నం తినొద్దని బిడ్డకు నేర్పే ఇళ్ళు ఈ దేశంలో ఉన్నాయి కాబట్టి. ఆరేళ్ళ పిల్లవాడికి పక్కన కూర్చున్న పిల్లవాడి పళ్ళెం ముట్టొద్దని చెప్పే ఇల్లు రిస్కు కుటుంబం కాదా? ఆ పిల్లవాడి మనసు ఎదుగుదల ఏమవుతుంది? పెద్దయ్యాక అతను చేసే హాని మాటేమిటి? నేను తెలుగు చేసిన ఫారం ఆ ఇంటికి కూడా వెళ్ళింది. తల్లి డిగ్రీ చదివింది, పక్కా ఇల్లు, బొమ్మల పుస్తకాలు పది. రిస్కు స్కోరు సున్నా.

మన కుటుంబాన్నే తవ్వడం ల్యాబ్‌లకే అలవాటు కాదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినప్పుడు కేంద్రం నియమించిన రూపన్‌వాల్ కమిషన్ ఏం చేసింది? యూనివర్సిటీ తప్పేమీ లేదని, అది అతని సొంత నిరాశ అని చెప్పింది. తల్లి రాధికమ్మ కులాన్ని మాత్రం తవ్వింది. వెలి వేసిన యూనివర్సిటీని వదిలేసి, ఒంటరిగా కుట్టుమిషన్ మీద బిడ్డల్ని పెంచిన తల్లిని విచారించారు. పదికి ఎన్ని మార్కులు వేశారో గానీ, రిస్కు మాత్రం ఆమె ఇంట్లోనే ఉందని తేల్చారు.

అందుకే మన మిత్రుల్లో కొందరు ఈ పరిశోధనలను బహిష్కరించమంటారు. వాడలోకి ట్యాబ్ పట్టుకుని ఎవరొచ్చినా వెనక్కి పంపమంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ మనం జవాబు చెప్పడం మానేస్తే ప్రశ్నలు ఆగిపోవు. మన గురించి మనం లేకుండానే రాస్తారు. లెక్కల్లో మన పిల్లలు కనిపించకపోతే అన్నంలో, స్కాలర్‌షిప్పులో, అంగన్‌వాడీలో కూడా కనిపించరు. నేను కోరేది గుమ్మం మూసెయ్యడం కాదు. ఆ గదిలో కుర్చీ.

ట్యాబ్ పట్టుకున్న మన పిల్లల బరువు గురించి కూడా ఎవరూ మాట్లాడరు. "మీ ఆయన కొడతాడా?" "పోయిన నెలలో తిండి లేక పడుకున్న రోజులున్నాయా?" అని అడగాలి. ఆమె ఏడుస్తుంది. తర్వాతి ప్రశ్నకు వెళ్ళాలి. రోజుకు ఇన్ని ఇళ్ళు అని టార్గెట్. ఆ ఇంటి గోడు మీ అమ్మ గోడే అయినప్పుడు రాత్రి నిద్ర పట్టదు. ఆ నిద్రలేని రాత్రికి టీఏ లేదు, డీఏ లేదు. పదకొండు నెలలయ్యాక కాంట్రాక్టు అయిపోతుంది. వ్యాసం వచ్చేసరికి మీ పేరు ఉండదు, "ఫీల్డ్ సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక వాక్యం ఉంటే గొప్ప.

ఇక మా విద్యార్థినికి నేను చెప్పింది రాస్తాను.

చేరు బిడ్డా. నీకు ఏడు వచ్చింది కాబట్టే చేరు. ఆ గదిలో ఏడు వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. ఒకటి వచ్చినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

గడప దాటు. వాళ్ళిచ్చిన నీళ్ళు తాగు. ఇల్లొస్తది, పింఛనొస్తది అని ఎవరికీ ఆశ పెట్టకు. ఇది చదువు కోసం చేసే సర్వే, ఇష్టం లేకపోతే చెప్పకు అక్కా అని నిజం చెప్పు. వేలిముద్ర వేయించుకునే ముందు కాగితంలో ఏముందో మొత్తం చదివి వినిపించు.

నీ సంచీలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ఎవరి పేరూ రాయకు. ఏ ఇంట్లో ఏ ప్రశ్న అడగాల్సి ఉండి ఫారంలో లేదో అది మాత్రం రాయి. పదకొండు నెలల తర్వాత అదే నీ పీహెచ్‌డీ ప్రపోజల్ అవుతుంది.

స్టాటిస్టిక్స్ నేర్చుకో. మన పిల్లలు లెక్కలంటే భయపడి సాహిత్యంలోకి, చరిత్రలోకి వస్తారు. నేనూ అలాగే వచ్చాను. కానీ ఆ ల్యాబ్‌లో చివరి మాట చెప్పేది లెక్కే. ఏ అంశానికి ఎంత బరువు, ఏది రిస్కు, ఏది కాదు అని తేల్చే ఆ కుర్చీ దాకా వెళ్ళు. నెట్ రాయి, జేఆర్ఎఫ్ తెచ్చుకో, ఆ విభాగంలోనే రీసెర్చికి దరఖాస్తు పెట్టు.

నీ పేరు అడుగు. డేటా తెచ్చినవాళ్ళ పేర్లు వ్యాసంలో ఉండాలని మీటింగ్‌లో లేచి అడుగు. ఒక్కదానివే అడిగితే కాంట్రాక్టు పోతుందని భయముంటే, నలుగురు కలిసి రాతపూర్వకంగా అడగండి.

వాడల్లో పనిచేస్తున్న సంఘాల మిత్రులకు కూడా ఒక మాట. ఇలాంటి టీమ్ వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఫారం తయారు చేసినవాళ్ళలో మా వాళ్ళు ఎవరున్నారు? ఎవరైనా ఏడిస్తే, ఎవరికైనా సాయం అవసరమైతే మీ దగ్గర ఏ ఏర్పాటు ఉంది? మీకు తెలిసింది మళ్ళీ వచ్చి, మా వాడలో కూర్చుని, మా భాషలో ఎప్పుడు చెప్తారు? మూడిటికీ జవాబు ఉంటే కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

ఆమె చేరింది. మొన్న మొదటి రోజు ఫీల్డ్ అయిపోయాక మెసేజ్ పెట్టింది. మొదటి ఇంట్లో ఒక ముసలవ్వ, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, ఫారం మొత్తం ఓపిగ్గా చెప్పి, చివర్లో అడిగిందట: "గిదంత రాసుకపోతున్నవ్ గదా బిడ్డా, మల్ల ఎప్పుడొస్తవ్?"

ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాసుకున్నాను మేడం అంది.

జై భీమ్.